మూటలకు కట్టిన పోగులు

కేసముద్రం నుంచి వచ్చే పొద్దుటి ప్యాసింజర్ రోజూ లాగే ఆలస్యంగా వరంగల్ చేరింది. రహీమాబీ ఒక చేత్తో బట్టల సంచి, ఇంకో చేత్తో చెల్లెలు కట్టిచ్చిన మిరపకాయల మూట పట్టుకుని దిగి, కాశిబుగ్గ ఆటో ఎక్కింది. చెల్లెలికి మోకాలి ఆపరేషన్ అయితే సాయానికని పోయి, కొద్దిరోజులనుకున్నది కాస్తా ఇంకొన్ని రోజులు ఉండి వస్తోంది. మనిషి ఆటోలో ఉన్నా మనసు మాత్రం అప్పటికే మగ్గం దగ్గరికి చేరిపోయింది. పోయే ముందు ఒక జంపఖానా నేసి దించి, నిలువు దారాల కొత్త పడుగు చుట్టి మూలన పెట్టి పోయింది. ఇంటికి పోయి ఇంత చాయ్ తాగి, పక్కింటి భద్రమ్మను కేకేస్తే ఈరోజే పని మొదలుపెట్టవచ్చు.

నేల మీద పరిచే జంపఖానా ఒక్కరు నేసేది కాదు. వెడల్పు ఎక్కువ. మగ్గం మీద ఇద్దరు పక్కపక్కన కూర్చోవాలి. ఒకరు ఆ చివర నుంచి దారం తోస్తే ఇంకొకరు ఈ చివర అందుకోవాలి. రహీమాబీ, భద్రమ్మ అలా పక్కపక్కన కూర్చునే పిల్లల్ని పెంచారు, పెళ్లిళ్లు చేశారు, ఒకరి మొగుణ్ని ఇంకొకరి దగ్గర తిట్టుకుని మనసులు తేలిక చేసుకున్నారు.

ఇంటి ముందు ఆటో దిగగానే రహీమాబీకి అరుగు మీద మూటలు కనిపించాయి. ఎవరో చుట్టాలు దిగారేమో అనుకుంది. యూరియా సంచులు, బియ్యం సంచులు, పాత దుప్పట్లో కట్టిన పెద్ద మూట. ఒక సంచిలోంచి కుక్కర్ పిడి బయటికి పొడుచుకొచ్చి ఉంది. చూస్తే అది తన కుక్కరే.

ఆ సంచి మూతి ఎర్ర దారంతో కట్టి ఉంది. పక్క సంచికి నీలం దారం. రహీమాబీ వంగి ముడి మీద వేలు పెట్టింది. తన చేత్తో రంగు వేసిన నూలు, తన చేత్తో గంజి పట్టించిన నూలు. కన్న పిల్ల జడ తల్లి గుర్తుపట్టదా?

ఆ పోగులు ఉండాల్సింది సంచి మూతికి కాదు, మగ్గం మీద అచ్చులో. పడుగు పోగులు ఒక్కొక్కటిగా దూరి వచ్చే దువ్వెన లాంటి చట్రాన్ని అచ్చు అంటారు. నేసిన బట్ట దించేటప్పుడు నేతగాళ్లు పోగుల్ని మొదలంటా లాగేయరు. మూరెడు కొనలు అచ్చులోనే ఉంచుతారు. కొత్త పడుగు వచ్చాక అందులోని ఒక్కో పోగునూ ఆ పాత కొనకు ముడేసి ముందుకు లాగుతారు. అందుకే పని నడిచే ఇంట్లో మగ్గం ఎప్పుడూ బోసిగా ఉండదు.

రహీమాబీ చెప్పులు విడవడం కూడా మరిచి లోపలికి నడిచింది. ముందు గదిలో మగ్గం బోసిగా నిలబడి ఉంది. ఒక్క పోగు లేదు. అచ్చును తడిగుడ్డతో తుడిచి, కొయ్యలకు నూనె పూసి, పెళ్లిచూపులకు ముస్తాబు చేసినట్టు నిలబెట్టారు. కోడలు హుమేరా మంచినీళ్ల గ్లాసు తెచ్చి అత్త చేతికిచ్చి, కళ్లు దించుకుని నిలబడింది.

అప్పుడే లోపలి నుంచి వచ్చాడు అబ్దుల్ వహాబ్. ఇస్త్రీ లుంగీ, చెవిలో అత్తరు దూది, ముఖం నిండా నవ్వు. ఆర్టీసీలో డ్రైవర్‌గా చేసి పోయిన ఏడే రిటైరైన మనిషి. పెళ్లాం ముఖం చూడకుండానే శుభవార్త మొదలుపెట్టాడు. మంథనిలో ఇల్లు కుదిరిందట. మేడ మీద పోర్షన్, కిటికీ తెరిస్తే గోదావరి. మసీదు పక్కనే. శుక్రవారం నమాజ్ అయ్యాక లారీ వస్తుందట. ఆమె వచ్చేసరికి అన్నీ సర్ది పెట్టాలని తండ్రీకొడుకులు తెగ కష్టపడ్డారట.

రహీమాబీ అంతా విని ఒక్కటే అడిగింది.

"మగ్గం మీద కొనలు ఎవరు తీసిండ్రు?"

"నేనే తీసిన. దుమ్ముపట్టి ఉన్నయ్, చెత్త దారాలు. పారేసుడు ఎందుకని మూటలకు కట్టిన. సుతిలి కొనే పనే పడలే," అన్నాడు వహాబ్, పొదుపు చేసినందుకు మెప్పు దొరుకుతుందన్నట్టు.

ఆ మనిషిని ఏమనాలి? దొంగతనం చేసినవాడికైనా తాను చేసింది తప్పని తెలుస్తుంది. ఈయనకు అదీ తెలియదు.

మంథని పిచ్చి ఈయనకు కొత్తగా పట్టింది కాదు. సర్వీసులో సగం కాలం మంథని నైట్ హాల్ట్ బస్సు మీదే గడిపాడు. అది పాత ఊరు. ఎప్పటివో రాజులనాటి గుళ్లు, వెడల్పాటి అరుగులున్న ఇళ్లు, ఊరి అంచున గోదావరి. రాత్రి బస్సులో పడుకుని, తెల్లారగట్ల నదిలో మునిగి, ఒడ్డున చాయ్ తాగి మొదటి ట్రిప్పు తీసేవాడు. ఇంటికి వచ్చినప్పుడల్లా ఆ గాలి గురించీ ఆ నీళ్ల గురించీ చెప్పేవాడు. రిటైరైతే అక్కడే ఉందాం అనేవాడు. రహీమాబీ మగ్గం మీద నుంచి ఊఁ అనేది. మగ్గం మీద కూర్చున్న మనిషి ఊఁ అంటే, నేను పనిలో ఉన్నానని అర్థం. ఈయన మాత్రం ఆ ఊఁలన్నీ కూడబెట్టుకుని, పెళ్లాం ఒప్పుకుందని లెక్క వేసుకున్నాడు.

కొడుకు షకీల్ అప్పుడే బయటి నుంచి వచ్చి, తల్లి మొహం చూసి తండ్రికి సాయం నిలబడ్డాడు. మగ్గాన్ని ఊరికే వదిలేయడం లేదన్నాడు. ఖిలా వరంగల్ దగ్గర కొత్తగా రిసార్టు కట్టారు, అక్కడి మేనేజర్ ఓంప్రకాశ్ తన జిరాక్స్ షాపుకు వస్తుంటాడు. కోట చూడడానికి వచ్చేవాళ్లకు పాతకాలం సామాను చూపించాలని వాళ్లు మగ్గం కోసం వెతుకుతున్నారు. మన మగ్గాన్ని అద్దాల హాల్లో పెడతారు, కింద మన ఇంటి పేరు రాస్తారు, తాను, హుమేరా ఇక్కడే ఉంటారు కాబట్టి ఖాళీ అయిన ఈ గదిలో తన షాపు పెట్టుకోవచ్చు అని అంతా చెప్పుకొచ్చాడు. మధ్యాహ్నానికి టెంపో వస్తుందట.

అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు, ఆమె మగ్గాన్ని తండ్రీకొడుకులు కలిసి దానం చేసేశారు. దానం పుచ్చుకునేవాడికి తెలుసు, ఇచ్చేవాళ్లకు తెలుసు, మోసుకుపోయే టెంపోవాడికీ తెలుసు. తెలియంది సొంతదారుకే.

"నాతోని ఒక్క ముచ్చట ఎందుకు చెప్పలే? ఫోన్ రోజూ చేసినవ్ కదా," అంది రహీమాబీ కొడుకుతో.

షకీల్ తలకాయ గోక్కున్నాడు. అంతసేపూ మాట్లాడని హుమేరా అప్పుడు నోరు విప్పింది. "నేను అడిగిన అత్తమ్మా, మీకు చెప్పిండ్రా అని. సర్‌ప్రైజ్ అన్నరు."

సర్‌ప్రైజ్! పుట్టినరోజుకు కేకు తెస్తే సర్‌ప్రైజ్. మనిషి ఊళ్లో లేనప్పుడు కుక్కర్‌తో సహా ఇల్లు మూట కడితే దాన్ని ఏమంటారో షకీల్‌కు ఏ బళ్లోనూ చెప్పినట్టు లేదు.

రహీమాబీ అరవలేదు. అరిస్తే బాగుండునని హుమేరాకు అనిపించింది. ఆమె సంచీ గోడకు ఆనించి, బుర్ఖా తీసి చిలక్కొయ్యకు తగిలించి, కాళ్లు కడుక్కుని వచ్చి మగ్గం మీద తన చోట కూర్చుంది. పక్కన భద్రమ్మ చోటు ఖాళీగా ఉంది. ఎదురుగా ఖాళీ అచ్చు. కోడలు చాయ్ తెస్తే వద్దంది, ఉప్మా తెస్తే చెయ్యి అడ్డం పెట్టింది. వహాబ్ రెండుసార్లు ముందు గదిలోకి వచ్చి, ఏదో వెతుకుతున్నట్టు నటించి వెళ్లిపోయాడు.

హుమేరాయే వెళ్లి భద్రమ్మను పిలుచుకొచ్చింది. భద్రమ్మ గడపలో నిలబడి మగ్గాన్ని చూసి నోటి మీద చెయ్యి పెట్టుకుంది. ఊరు మారుతున్న సంగతి ఆమెకూ ఎవరూ చెప్పలేదు. రహీమాబీ లేకపోతే ఆమె ఎవరి పక్కన కూర్చుంటుంది, ఏం పని చేసుకుని బతుకుతుంది అని ఆ ఇంట్లో మగవాళ్లెవరూ ఆలోచించలేదు. చెప్పులు విడిచి వచ్చి ఆమె కూడా తన చోట కూర్చుంది.

"మొగోళ్లు మొగోళ్లు మాట్లాడుకున్నరన్నట్టు," అంది భద్రమ్మ. "మగ్గం మీద కూసునేది మనం. మగ్గం ఎటు పోవాల్నో చెప్పేది వాళ్లు. మంచిగనే ఉన్నది."

ఎండ నెత్తికెక్కే వేళకు టెంపో వచ్చింది. ఓంప్రకాశ్ మర్యాదస్తుడే. గుమ్మం దగ్గర షూ విప్పి, రెండు చేతులు జోడించి, అమ్మా అని పలకరించాడు. మగ్గం మీద ఇద్దరు ఆడవాళ్లు కూర్చుని ఉండడం చూసి, తన కోసమే అలా కూర్చున్నారనుకుని సంతోషపడి ఫోన్ తీశాడు. హాల్లో మగ్గం పక్కన వాళ్ల ఫొటో కూడా పెద్దది చేసి పెట్టిస్తానన్నాడు. వచ్చిన టూరిస్టులు మగ్గం ముందు నిలబడి ఫొటోలు దిగుతారని, కాశిబుగ్గ పేరు దూరదేశాల దాకా పోతుందని చెప్పాడు.

రహీమాబీ అతని వైపు నెమ్మదిగానే చూసింది. "బిడ్డా, నీ తప్పు లేదు. నీకు చెప్పినోళ్లది తప్పు. ఇది నేసే మగ్గం, చచ్చిన మగ్గం కాదు. నేను బతికుండంగ నా మగ్గం ఫొటోలు దిగేటోళ్ల ఎనకాల నిలబడాల్నా?"

ఓంప్రకాశ్ ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. షకీల్ వైపు ఒక చూపు చూశాడు. తనకు ఈ సంగతి తెలియదని, క్షమించమని చెప్పి, టెంపోతో సహా వెళ్లిపోయాడు. పరాయివాడికి ఒక్క మాటతో అర్థమైంది.

ఇంట్లోవాడికి అర్థం కాలేదు. టెంపో సందు దాటకముందే వహాబ్ ముందు గదిలోకి వచ్చాడు. మాట ఇచ్చి పిలిపించిన మనిషిని వాకిట్లోంచే పంపించిందని, నలుగురిలో తన ఇజ్జత్ తీసిందని లేచాడు. ఎవరి కోసం చేశాను ఇదంతా అన్నాడు. ఆమె నడుము నొప్పితో రాత్రుళ్లు మూలుగుతుంటే వినలేకే చేశానన్నాడు. ఇన్నేళ్లు వంగి వంగి నేసింది చాలు, ఇక నది ఒడ్డున కూర్చుని హాయిగా ఉండాలని చేశానన్నాడు. అందులో అబద్ధం లేదు. ప్రేమ ఉంది. అడగడం ఒక్కటే లేదు.

"ఆ మంథని ఇంట్ల మగ్గం పట్టే జాగ ఉన్నదా?" అంది రహీమాబీ.

"మేడ మీద ఇల్లాయె. మగ్గం ఎట్ల పడ్తది? అసలు మగ్గం ఎందుకు అక్కడ?"

"మరి నేనెందుకు అక్కడ?"

రహీమాబీ మగ్గం దిగి నిలబడింది. పొద్దుటి నుంచి దిగమింగిన కోపమంతా అప్పుడు బయటికి వచ్చింది. కేక లేదు. ఒక్కో మాటా నిదానంగా వచ్చింది.

"షకీల్ అబ్బా, నువ్వు డ్రైవర్‌వి. ఎక్కినోళ్లు ఏడికి పోతరో నీకు అక్కర లేకుండె. బస్సు ఏడికి పోతే వాళ్లు ఆడికే. నడిచింది అన్ని దినాలు. నేను నీ బస్సుల ప్యాసింజర్‌నా? ప్యాసింజర్‌నన్న కండక్టర్ అడుగుతడు, ఏడికమ్మా అని. నన్ను ఆ మాట ఒక్కనాడన్న అడిగినోడు ఉన్నడా ఈ ఇంట్ల?"

ఆమె ఆగలేదు.

"నువ్వు నైట్ హాల్ట్‌ల గోదారి ఒడ్డున పండుకున్నవ్. మంచిదే, నీ కష్టం నీది. ఆ రాత్రుళ్లు నేను ఏడ ఉన్న? మీ అమ్మ పక్కన, గీ మగ్గం మీద. కొత్త కోడలిగ వచ్చిన్నాడు నాకు పోగు పట్టుడు రాదు. మీ అమ్మ నేర్పింది. ఆమె పానం పోయిన్నాడు మగ్గం మీద ఆమె నేసిన కొనలే ఉండె. నలభై దినాలు పోయినంక వాటికే నేను కొత్త పడుగు అతికిన. దానికి ఇంకోటి, దానికి ఇంకోటి. ఆమె నూలు ఎన్నడో జంపఖానల కలిసిపాయె, నాకు ఎరుకే. కానీ నడుమ ఒక్కనాడు తెగలే. వానకు ఇంట్ల మోకాలి బంటి నీళ్లు వచ్చిన్నాడు మంచం వదిలిపెట్టి అచ్చు ఎత్తుకుని అటక మీద పెట్టిన. అప్పుడు తెగలే. నేను ఊరికి పోయొచ్చేసరికి తెగింది."

షకీల్ నేల చూపులు చూస్తున్నాడు. వహాబ్‌కు అప్పటికీ పూర్తిగా అందలేదు. దారాలే కదా, మళ్లీ ఎక్కించుకోవచ్చు కదా అని ఏదో గొణిగాడు. భద్రమ్మ ఇక ఉండబట్టలేకపోయింది.

"అన్నా, పెరుగు తోడు తెలుసా నీకు? నిన్నటి పెరుగుల నుంచి ఇంత తీసి రేపటి పాలల్ల వేస్తరు. మీ అమ్మ తోడుపెట్టిన పెరుగు మా వదినె ఇన్నేండ్లు ఒక్క పూట తప్పకుండ తోడేసుకుంట వచ్చింది. నువ్వు గిన్నె కడిగి బోర్లేసినవ్. కడిగింది చాలక మెచ్చుకొమ్మంటానవ్."

వహాబ్ మెల్లగా అరుగు మీదికి వచ్చాడు. మూటలు ఎండలో అలాగే ఉన్నాయి. ఎర్ర దారంతో కట్టిన కుక్కర్ సంచి పక్కన చాలాసేపు నిలబడ్డాడు. అతనికి తల్లి గుర్తొచ్చింది. నైట్ హాల్ట్ నుంచి వచ్చిన ప్రతి పొద్దున్నా తను గుమ్మంలో అడుగుపెట్టేసరికి లోపల మగ్గం చప్పుడు వినిపించేది. తల్లి పోయాక కూడా అదే చప్పుడు వినిపించింది. అందుకే ఆమె లేని లోటు తనకు పెద్దగా తెలియలేదు. ఆ చప్పుడు ఆగకుండా ఎవరు చూసుకున్నారో ఇన్నేళ్లలో ఒక్కసారీ తోచలేదు. గోదావరి మీద పొద్దు పొడవడం ఎంత బాగుంటుందో ఊరంతా చెప్పుకున్నాడు గానీ, తన ఇంట్లో పొద్దు ఎలా పొడుస్తుందో చూసుకోలేదు. సాయంత్రం నమాజుకు అసర్ అజాన్ వినిపించింది. భుజం మీద తువ్వాలతో కళ్లు తుడుచుకుని మసీదుకు నడిచాడు.

తిరిగి వచ్చి ఇంట్లోకి పోలేదు. అరుగు మీదే గొంతుక్కూర్చుని మొదటి సంచి ముడి విప్పడం మొదలుపెట్టాడు. లారీ టాపు మీద సామాను కట్టినట్టు బిగించి కట్టాడేమో, గోళ్లకు లొంగడం లేదు. పళ్లతో పట్టి లాగాడు. విప్పిన పోగును తొడ మీద పెట్టి సాపు చేసి పక్కన పరిచాడు. ఇంకో ముడి విప్పాడు. షకీల్ వచ్చి, కత్తెరతో కోస్తే తొందరగా అయిపోతుందని కత్తెర అందించబోయాడు.

"కోయకు. కోసుడు అయిపోయింది ఇగ," అన్నాడు వహాబ్. "కూసో. నువ్వు కూడ విప్పు."

తండ్రీకొడుకులు అరుగు మీద కూర్చుని ముడులు విప్పుతుంటే సందులో పోయేవాళ్లు ఆగి చూశారు. శుక్రవారం పోతున్నారట కదా అని ఎవరో అడిగితే వహాబ్ తల ఎత్తకుండానే, ఇంకా అడగలేదు అన్నాడు. ఎవరిని అడగాలో అడిగినవాళ్లకు అర్థం కాలేదు. హుమేరా వచ్చి, మూతి విప్పిన సంచుల్లోంచి గిన్నెలు తీసి ఒక్కొక్కటీ లోపలికి చేరవేసింది. కుక్కర్ పొయ్యి మీదికి వెళ్లింది. పరుపు మంచం మీదికి వెళ్లింది.

పొద్దు వాలుతుండగా వహాబ్ పోగులన్నీ రెండు చేతుల మీద పరుచుకుని, పసిపిల్లను పట్టుకున్నట్టు జాగ్రత్తగా ముందు గదిలోకి తెచ్చాడు. నలిగాయి, ముడులు పడ్డ చోట వంకర్లు తిరిగాయి, కొన్నింటికి బియ్యం పొడి అంటింది. మగ్గం ముందు నిలబడి, ఎలా మొదలుపెట్టాలో తెలియక పెళ్లాం వైపు చూశాడు.

"తప్పయింది రహీమా. నాకు తెల్వలే అంటే కూడ తప్పే. తెలుసుకోకపోతే ఎట్ల తెలుస్తది?" అని ఆగాడు. "ఇవి మళ్ల ఎక్కియ్యొచ్చా?"

రహీమాబీ పోగుల్లోంచి ఒకటి తీసి వెలుతురుకు పట్టి చూసింది. దాని కొసను వేళ్ల మధ్య నలిపి సూటిగా చేసింది. పొద్దుటి నుంచి రాని కన్నీళ్లు అప్పుడు వచ్చాయి. వాటిని తుడుచుకునే ప్రయత్నం కూడా చేయలేదు.

"ఎక్కియ్యొచ్చు. ఒక్కదాన్నైతే కాదు," అంది. "ఒకరు ముంగట కూసుండి పోగు అందియ్యాలె, ఒకరు ఎనక నుంచి కొక్కెంతోని లాగాలె."

భద్రమ్మ తన చోటు నుంచి లేచింది. "కూసో అన్నా. నా జాగ ఇది. ఇయ్యాల ఒక్క దినమే నీకు ఇస్తాన, రేపటి నుంచి నాదే," అని నవ్వుతూ పక్కకు జరిగింది.

వహాబ్ కూర్చున్నాడు. అంత పెద్ద బస్సును సందుల్లో తిప్పిన చేతులు, ఒక్క పోగు పట్టుకోవడానికి తడుముకున్నాయి. మొదటి పోగు తప్పు చీలికలో అందించాడు. రహీమాబీ వెనక నుంచి కొక్కెం వెనక్కి లాగి, అది కాదు, దాని పక్కది అని కసిరింది. రెండోది జారి కింద పడింది. ఇట్ల అందిస్తే బక్రీదు నాటికి కూడా తెమలదు అంది. హుమేరా లైటు వేసింది. షకీల్ గోడవారన నిలబడి, షాపు పాత చోటే బాగుందని తనలో తాను అన్నట్టు అన్నాడు. ఎవరూ కాదనలేదు.

కొన్ని పోగులు సరిగ్గా దూరాక చేతులకు ఒక వరస కుదిరింది. అతను అందిస్తున్నాడు, ఆమె లాగుతోంది. అచ్చుకు ఇవతల అతను, అవతల ఆమె. మధ్యలో ఎర్రా నీలం పోగులు తక్కువే అయినా మగ్గం బోసితనం కొంచెం పోయింది.

మంథని ఇంటాయనకు రేపు పొద్దున ఫోన్ చేసి మేడ మీద ఇల్లు వద్దని చెప్తానన్నాడు వహాబ్. రహీమాబీ ఒక పోగు లాగి, ఇంకో పోగు కోసం కొక్కెం పెట్టి చూస్తోంది. అతను ఆ పోగు అందించలేదు. చేతిలోనే పట్టుకుని, అచ్చు సందుల్లోంచి ఆమె ముఖం చూస్తూ, గొంతు సవరించుకుని, బస్సులో కండక్టర్ అడిగినట్టే అడిగాడు.

"ఏడికమ్మా?"

భద్రమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. రహీమాబీ ఈ ఇంటికి కోడలై వచ్చిన ఇన్నేళ్లకు ఈ ప్రశ్న వచ్చింది. దానికి జవాబు వెతుక్కోవడానికి ఆమెకు కొంచెం సమయం పట్టింది.

"మంథని," అంది చివరికి. "ఆడోళ్లకు బస్సు ఫ్రీ, నాకు జీరో టికెట్, ఆధార్ కార్డు తెచ్చుకుంట. నీకు నీ పాసు ఉన్నది. భద్రమ్మ కూడ వస్తది. ఆ గోదారి ఏందో మేం కూడ చూడాలె కదా. కింది ఇంట్ల, మగ్గం పట్టే గది దొరికితే అప్పుడు మాట్లాడుదాం. దొరకకపోతే నీకు నైట్ హాల్ట్ అలవాటే, నువ్వు పోయి వస్తుండు."

"ఎన్నడు పోదాం?" అన్నాడు వహాబ్. అదీ అడిగాడు.

"ముందుగాల ఆ పోగు ఇటియ్యి," అంది రహీమాబీ.

అతను అందించాడు. ఈసారి సరైన చీలికలోకే.